సగం వంట అతిథి చేతిలో



మెక్సికో వాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్లకి ముందు ఆశ్చర్యం కలిగించేది వంట కాదు, భోజనాల బల్ల. దాని మీద వండిన వాటికన్నా వండనివే ఎక్కువ కనిపిస్తాయి. ఒక పళ్లెంలో చెక్కలుగా కోసిన నిమ్మకాయలు. ఇంకో దాంట్లో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కొత్తిమీర. చక్రాలుగా కోసిన ముల్లంగి. చిన్న గిన్నెలో ఎండు ఒరెగానో, పక్కనే ఉప్పు. ఎర్రది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, కనీసం రెండు రకాల సల్సా. బుట్టలో గుడ్డ చుట్టి పెట్టిన మొక్కజొన్న రొట్టెలు. వీటన్నిటి మధ్య ఎక్కడో ఒక కూర, మహా అయితే రెండు. అరిటాకు నిండా వడ్డించి, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ వెంటపడే మర్యాదకి అలవాటుపడిన మనకి, ఇదేమిటి, వంట ఇంకా కాలేదా అనిపిస్తుంది. నిజమే, కాలేదు. మిగిలింది మీరే చేసుకోవాలి.

మెక్సికో ఆతిథ్యంలో కీలకమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇంటివాళ్లు పడాల్సిన కష్టం చాలావరకు ముందురోజే పడేస్తారు. మొక్కజొన్న ఉడికించడం, మిరపకాయలు నానబెట్టి రుబ్బడం, మాంసం ఉడకబెట్టడం, పానీయాలు కాచి చల్లార్చడం, అన్నీ అప్పుడే. అతిథులు గుమ్మంలోకి వచ్చేసరికి పొయ్యి మీద మిగిలేది రొట్టెలు వెచ్చబెట్టే పెనం ఒక్కటే. ఇక రొట్టెలో ఎంత కూర పెట్టాలి, ఎంత కారం వెయ్యాలి, ఎన్ని నిమ్మచెక్కలు పిండాలి అన్నది ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు చూసుకుంటారు. గ్లాసుల సంగతీ అంతే. అక్కడి కాక్‌టెయిల్స్‌లో సగానికి సగం ఉప్పు, నిమ్మ, మిరప అనే ఆ బల్ల మీది సరుకుతోనే తయారవుతాయి. అందుకే తిండినీ పానీయాన్నీ విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు. రెండూ కలిపే చెప్తాను.

ముందు ఒక మాట. మన నగరాల్లో మెక్సికన్ పేరుతో దొరికేది చాలావరకు అమెరికాలోని టెక్సస్ వంట. పెళుసుగా వేయించిన డొప్ప లాంటి టాకో, గిన్నెడు కరిగిన చీజ్, గోధుమ రొట్టెలో చుట్టిన అన్నం, ఇవన్నీ సరిహద్దుకి ఇవతలి, అవతలి వాళ్లు కలిసి కల్పించుకున్నవి. వాటిని తీసిపారెయ్యనక్కర్లేదు. నాచోస్ సంగతే చూడండి. 1943లో సరిహద్దు ఊరైన పియెద్రాస్ నెగ్రాస్‌లో, ఒక క్లబ్బుకి అమెరికా సైనికాధికారుల భార్యలు కొందరు వేళ కాని వేళ వచ్చారు. వంటవాడు కనిపించలేదు. అతిథుల్ని చూసుకునే ఇగ్నాసియో అనాయా వంటింట్లోకి వెళ్లి, ఉన్న రొట్టెల్ని ముక్కలు కోసి, వేయించి, చీజ్ చల్లి కరిగించి, ఊరబెట్టిన మిరపకాయ చక్రాలు పైన పెట్టి తెచ్చాడు. ఇగ్నాసియో అనే పేరున్నవాళ్లని అక్కడ ముద్దుగా నాచో అంటారు. ఆ పళ్లేనికి ఆయన పేరే ఉండిపోయింది. వచ్చినవాళ్లని ఆకలితో పంపకూడదన్న పట్టుదల ఇందులో ఉంది. అయితే నాచోస్ ఒక్కటే మెక్సికో అనుకుంటే మాత్రం అసలు వంటిల్లు చూడనట్టే.

ఆ వంటింటికి పునాది మొక్కజొన్న. మొక్కజొన్నకి పునాది సున్నం. అవును, తాంబూలంలో రాసుకునే సున్నమే. కిలో ఎండు మొక్కజొన్న గింజలకి మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల తినే సున్నం కలిపి ముప్పావుగంట ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. పొద్దున్న చేత్తో నలిపితే గింజ మీది పొట్టు ఊడిపోతుంది. రెండు మూడు నీళ్లు పోసి కడిగి రుబ్బితే ముద్దగా సాగే పిండి వస్తుంది. దాన్ని మాసా అంటారు. ఈ పద్ధతి వయసు మూడు వేల ఏళ్ల పైమాటే. సున్నం వెయ్యకపోతే మొక్కజొన్న పిండికి జిగురు రాదు, రొట్టె అంచులు పగిలిపోతాయి. మక్క రొట్టె చేసేవాళ్లందరికీ ఆ అవస్థ తెలుసు.

రొట్టె పగలడం ఒక్కటే అయితే పరవాలేదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టని రూపంలో బందీగా ఉంటుంది. సున్నపు నీరు దాన్ని విడిపిస్తుంది. మెక్సికో తల్లులకి ఈ రసాయనశాస్త్రం తెలియదు, పద్ధతి మాత్రం తెలుసు. స్పెయిన్ వాళ్లు గింజల్ని ఓడల్లో పట్టుకుపోయారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. దాంతో మొక్కజొన్నే తిండిగా బతికిన యూరప్ పేదల్లో 18వ శతాబ్దంలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 20వ శతాబ్దం మొదట్లోనూ పెల్లాగ్రా అనే జబ్బు పాకింది. చర్మం పొలుసులు రేగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి తప్పుతుంది. ఈ జబ్బు మనకీ కొత్త కాదు. జొన్నే ప్రధానాహారమైన దక్కన్ పల్లెల్లో ఇది కనిపిస్తే, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసిన హైదరాబాద్ సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దాని మీద పనిచేసి 1960లో పరిశోధన ప్రచురించారు. విందు గురించి మాట్లాడుతూ జబ్బు దాకా వెళ్లానని అనుకోకండి. ఇంటి వంటలో ఎందుకో తెలియకుండా తరాలుగా చేసే పనిని చాదస్తమని కొట్టిపారేసే ముందు ఒకసారి ఆగాలని నాకు నేర్పింది ఈ కథే.

ఇంతా చెప్పాక ఇంకో నిజం కూడా చెప్పాలి. మెక్సికో నగరాల్లో చాలామంది ఈ పని ఇంట్లో చెయ్యరు. వీధి మలుపులో ఈ రొట్టెలు, అంటే టోర్టియాలు, చేసే దుకాణం ఉంటుంది. భోజనాల వేళకి గుడ్డ పట్టుకెళ్లి కిలో లెక్కన వేడివి తెచ్చుకుంటారు. కాబట్టి మనమూ మొహమాటపడక్కర్లేదు. సున్నంలో ఉడికించి ఎండబెట్టిన మొక్కజొన్న పిండి మాసా హరీనా అన్న పేరుతో పెద్ద కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లతో కలిపి, అరగంట తడిగుడ్డ కప్పి ఉంచి, నిమ్మకాయంత ఉండల్ని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పళ్లెంతో నొక్కండి. నూనె లేని వేడి పెనం మీద వేసి, అంచులు వదలగానే ఒకసారి, నిమిషం తర్వాత ఇంకోసారి తిప్పండి. రెండోసారి తిప్పాక పొంగితే పిండి కుదిరినట్టు. కాల్చినవి కాల్చినట్టు మందపాటి గుడ్డలో చుట్టాలి. ఆ ఆవిరికే మెత్తబడతాయి. టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఉన్న మన పిల్లలకి ఈ శ్రమ కూడా లేదు. చపాతీకి బదులు టోర్టియాతో పప్పు తినే తెలుగు ఇళ్లు అక్కడ చాలానే ఉన్నాయి.

ఇప్పుడు మిరపకాయ. మన వంటని మార్చేసిన మిరప పుట్టిల్లు మెక్సికోనే. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. గుంటూరు యార్డులో టిక్కీలకొద్దీ మిరప చూసే మనకి వాళ్లు దాన్ని వాడే తీరు వింతగా ఉంటుంది. వాళ్లకి ఎండుమిరప కారం కోసమే కాదు, కూరకి చిక్కదనం కోసం, రంగు కోసం, ఎండిన పండులో ఉండే లోతైన రుచి కోసం. ఆంచో, గ్వాహీయో లాంటి పెద్ద, తక్కువ కారపు కాయల్ని తొడిమ తీసి, గింజలు దులిపి, పెనం మీద కొన్ని క్షణాలు మాత్రమే వేడి చేస్తారు. మాడితే చేదు. తర్వాత వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, వడకట్టి, ఆ ముద్దని నూనెలో వేయిస్తారు. అసలు కారం ఈ కూరలో ఉండదు. అది బల్ల మీది సల్సాలో విడిగా ఉంటుంది. పిల్లలూ, పెద్దవాళ్లూ, కారానికి జడిసేవాళ్లూ, పందెం కట్టి తినేవాళ్లూ ఒకే కూర తింటారు, సల్సా దగ్గర విడిపోతారు. ఆంచో దొరకలేదా, వరంగల్ చపాటా మిరప తీసుకోండి. రంగు బోలెడు, కారం తక్కువ, కండ ఎక్కువ. గుంటూరు సన్నాల్ని మాత్రం సల్సా కోసం దాచుకోండి.

సల్సాకి రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ చెక్క, పొట్టు తియ్యని రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు మూడు మిరపకాయలు పెనం మీద అక్కడక్కడ నల్లబడేదాకా కాల్చండి. ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. అక్కడి రోలుకి మూడు కాళ్లుంటాయి, నల్లరాయితో చేస్తారు, దాంతోనే బల్ల మీదికి తెచ్చేస్తారు. ఇంక ఒక్క విన్నపం. దయచేసి తాలింపు పెట్టకండి. మన చెయ్యి ఊరుకోదు, ఆవాలు, కరివేపాకు కోసం పోతుంది. ఆపుకోండి. తాలింపు పడితే అది మంచి పచ్చడే అవుతుంది గానీ సల్సా కాదు.

ఇలా కూరలు వండి పెట్టి, రొట్టెలో కూర పెట్టుకుని ఎవరి టాకో వాళ్లని చుట్టుకోమనే విందుని అక్కడ తకీసా అంటారు. పుట్టినరోజులకీ, పిల్లల బారసాల లాంటి వేడుకలకీ ఇదే పద్ధతి. మట్టి మూకుళ్లలో నాలుగైదు ముద్దకూరలు వరసగా పెడతారు. బంగాళాదుంప వేసిన ఖీమా ఒకటి, మీగడలో మగ్గిన మిరప చీలికలు ఒకటి, ముదర వండిన చిక్కుడు గింజలు ఒకటి. పదిమందికి విందంటే నేను సలహా ఇచ్చేది తింగా. ప్వేబ్లా ప్రాంతపు వంట. రాసుకునేవాళ్లు రాసుకోవచ్చు. కిలో చికెన్ ఉప్పు, ఉల్లిపాయ వేసి ఉడికించి, చల్లారాక పీచులుగా విడదియ్యండి. మూడు పెద్ద ఉల్లిపాయల్ని నిలువుగా కోసి నూనెలో మెత్తబడేదాకా వేయించండి. ఆరు టమాటాలు, రెండు వెల్లుల్లి, మూడు నాలుగు చిపోట్లే మిరపకాయలు రుబ్బి పొయ్యండి. చిపోట్లే అంటే పండిన హలపేన్యో మిరపకాయని పొగలో ఎండబెట్టింది. అది లేకపోతే టమాటాల్ని నేరుగా నిప్పుల మీద బాగా కాల్చండి, ఆ పొగవాసన కొంత వస్తుంది. పచ్చివాసన పోయాక చికెన్ వేసి తడి ఇంకేదాకా ఉంచాలి. ముందురోజు చేసి పెడితే ఇంకా బాగుంటుంది. మాంసం తిననివాళ్లకి ఏం పెట్టాలో కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే అది పానీయంలోంచి వస్తుంది.

మోలే గురించి అడుగుతారని తెలుసు. రకరకాల మిరపకాయలు, నువ్వులు, వేరుశనగ, దాల్చినచెక్క, ఎండు ద్రాక్ష, చాక్లెట్, ఇలా ఇరవై దాటిన దినుసులతో చేసే ఆ గుజ్జు పెళ్లిళ్ల వంట. 1962 నుంచి 1968 దాకా మన దేశంలో మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఆక్తావియో పాజ్ మోలేనీ మన మసాలా కూరల్నీ పక్కపక్కన పెట్టి చాలా ఆలోచించాడు, భారతదేశం గురించి రాసిన పుస్తకంలో ఆ సంగతి ప్రస్తావించాడు. కానీ మొదటిసారి విందు ఇచ్చేవాళ్లు దాని జోలికి పోవద్దు. అక్కడి ఇళ్లలోనే చాలామంది బజారులో మోలే ముద్ద తూకానికి కొనుక్కుని చికెన్ ఉడికిన నీళ్లలో కలుపుకుంటారు.

దానికన్నా పొసోలే మేలు. సున్నంలో ఉడికి పువ్వులా విచ్చుకున్న లావు మొక్కజొన్న గింజలు, మాంసం, పులుసు. గెర్రెరో రాష్ట్రంలో గురువారం అంటే ఆకుపచ్చ పొసోలే రోజు. హలిస్కోలో ఎర్రది. స్వాతంత్ర్య దినోత్సవం సెప్టెంబర్ 16, ముందురోజు రాత్రి దేశమంతా పొసోలే గంగాళాలు పొయ్యెక్కుతాయి. మన హోటళ్లలో మే 5న మెక్సికన్ విందులు పెడుతున్నారు గానీ, అది 1862లో ప్వేబ్లా దగ్గర ఫ్రెంచి సేనని ఓడించిన రోజు. దాన్ని ఇంత ఆర్భాటంగా జరిపేది అమెరికాలోనే. సరే, పొసోలే గిన్నె మీ ముందుకి వచ్చేసరికి అది చప్పగానే ఉంటుంది. లెట్యూస్ ఆకు సన్నటి పోగులు, ముల్లంగి, ఉల్లి, ఒరెగానో, కారం, రెండు నిమ్మచెక్కలు, అన్నీ మీరు వేసుకున్నాకే అది వంటకం అవుతుంది. గిన్నె అందుకోగానే రుచి చూసి మొహం చిట్లించేవాళ్లు కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంక గ్లాసుల్లోకి వద్దాం. మెక్సికో నిమ్మకాయ అంటే వేరే ఏదో అనుకుంటారు. కాదు. గూడూరు మార్కెట్లో బస్తాలకెత్తే మన పల్చటి తొక్క నిమ్మా, అక్కడి చిన్న నిమ్మా ఒకే జాతి. ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్ చేరి, అక్కడి నుంచి మెక్సికో వెళ్లింది. వంటల పుస్తకాల్లో చెప్పే పెద్ద ఆకుపచ్చ లైమ్ కోసం వెతకొద్దు, మన చేతిలో ఉన్నదే అసలుది.

మద్యం లేని పానీయాలతో మొదలుపెట్టడం అక్కడి పద్ధతే. గాజు కూజాల్లో మూడు రంగులు నిలబడి ఉంటాయి. ఎరుపు హమైకా, గోధుమరంగు చింతపండు, తెలుపు ఓర్చాతా. హమైకా అంటే మరేమీ కాదు, మన ఎర్ర గోంగూర మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టే ఎర్రటి రేకులు. మనం ఆకు తిని వదిలేస్తే వాళ్లు ఆ రేకుల్ని ఎండబెట్టి పానీయం చేసుకుంటారు. రెండు గుప్పిళ్ల ఎండు రేకులు లీటరు నీళ్లలో పది నిమిషాలు మరగనిచ్చి, వడకట్టి, పంచదార కలిపి, ఇంకో లీటరు చల్లటి నీళ్లు పొయ్యాలి. రంగు కెంపులా దిగుతుంది. మిగిలిన రేకుల్ని పారెయ్యకండి. ఇందాక చెప్పిన తింగాలో చికెన్ బదులు ఆ రేకుల్నే గట్టిగా పిండి వేస్తారు. పుల్లగా, నమలడానికి కండగా ఉంటాయి. శాకాహారులకి ఇచ్చిన మాట తీరింది. ఓర్చాతాకి కప్పు బియ్యం, ఒక దాల్చినచెక్క రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, నీళ్లూ పంచదారా కలపడమే. కొందరు పాలు పోస్తారు.

చింతపండు మెక్సికోకి ఎలా వెళ్లిందంటారా? 1565 నుంచి 1815 దాకా, రెండున్నర శతాబ్దాల పాటు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. అటు వెండి, ఇటు పట్టు, పింగాణి, సుగంధ ద్రవ్యాలు. మనుషులూ మొక్కలూ రుచులూ వాటితో పాటే. అక్కడ ఇష్టంగా తినే ఒక మామిడి రకానికి ఇప్పటికీ మనీలా అనే పేరు. ఓడల్లో వచ్చిన ఫిలిప్పీన్స్ నావికులు కొలీమా తీరంలో కొబ్బరి చెట్లెక్కి కల్లు గీశారు. దాన్ని తూబా అంటారు, వేరుశనగ గింజలు వేసి ఇప్పటికీ వీధుల్లో అమ్ముతారు.

మద్యం మాట రేడియోలో ఎందుకని పెద్దలకి అనిపించవచ్చు. తాగమని చెప్పడం లేదు, తాగేవాళ్లు దాన్ని ఎలా చూస్తారో చెప్తున్నాను. టెకీలా నీలి అగావే అనే మొక్కనుంచి వస్తుంది. మన రైలుకట్టల పక్కన కంచెగా కనిపించే కిత్తనార దాని బంధువే. ఆరేడేళ్లు పెరిగాక ఆకుల్ని నరికేస్తే, మిగిలిన దుంప లాంటి మొదలు పదుల కిలోలు తూగుతుంది. దాన్ని కాల్చి, చితక్కొట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పెడతారు. 1974 నుంచి ఆ పేరుకి చట్టరక్షణ ఉంది. హలిస్కోతో పాటు మరో నాలుగు రాష్ట్రాల్లో నిర్ణయించిన ప్రాంతాల్లో చేసినదాన్నే టెకీలా అనాలి. సీసా మీద నూరు శాతం అగావే అని లేకపోతే అందులో 49 శాతం దాకా వేరే చక్కెరల సారా ఉండవచ్చు. పొద్దున్న తలనొప్పితో లేచి టెకీలాని తిట్టేవాళ్లు ముందు ఆ సీసా చీటీ చదవాలి. మెస్కాల్ అన్నది దానికి పెద్దన్న. వహాకా రాష్ట్రంలో నేలలో గొయ్యి తవ్వి, కాలిన రాళ్ల మీద అగావే మొదళ్లు పేర్చి, మట్టి కప్పి కాలుస్తారు. ఆ పొగే దాని గుర్తు. మంచి మెస్కాల్‌ని దేంట్లోనూ కలపరు. నారింజ తొనతో, కారం కలిపిన ఉప్పుతో, కొంచెం కొంచెంగా చప్పరిస్తారు. ఒక్క గుక్కలో గొంతులో పోసుకోవడం సినిమాల్లోది.

మార్గరీటా ఎవరు కనిపెట్టారన్నది తేలని పేచీ. 1930ల నుంచి 40ల దాకా తిహువానా వైపు ఒకరు, అకపుల్కోలో ఒకరు, టెక్సస్ సరిహద్దులో ఇంకొకరు, అందరూ నేనే అన్నారు. కొలత మాత్రం స్థిరపడింది. టెకీలా 50 మిల్లీలీటర్లు, నారింజ లిక్కర్ 20, నిమ్మరసం 15, ఐసుతో గట్టిగా కుదిపి, అంచుకి ఉప్పు రాసిన గ్లాసులో వడకట్టాలి. ఉప్పు సగం అంచుకే రాయండి. ఉప్పు వైపు తాగాలా, ఉప్పు లేని వైపు తాగాలా, అదీ అతిథి ఇష్టమే. ఐసు మంచులా మరపట్టిన మార్గరీటా మాత్రం డాలస్ సరుకు. 1971లో మరియానో మార్టీనెజ్ అనే హోటల్ యజమాని ఐస్‌క్రీమ్ యంత్రాన్ని అందుకు మార్పించాడు. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

కానీ మెక్సికో ఇళ్లలో మార్గరీటా కన్నా పలోమాకే చెయ్యి వెళ్తుంది. కారణం సులువు. కుదపక్కర్లేదు, వడకట్టక్కర్లేదు, పదిమంది వస్తే ఒక్కరే నిలబడి కలపక్కర్లేదు. పొడుగు గ్లాసులో ఐసు, చిటికెడు ఉప్పు, టెకీలా 50 మిల్లీలీటర్లు, నిమ్మచెక్క పిండి, పైన గ్రేప్‌ఫ్రూట్ సోడా. సీసాలు బల్ల మీద పెట్టేస్తే ఎవరిది వాళ్లు కలుపుకుంటారు. గ్రేప్‌ఫ్రూట్ సోడా దొరక్కపోతే పంపర పనస రసం, సోడా, కొంచెం పంచదార. గ్రేప్‌ఫ్రూట్‌కి కన్నవాళ్లలో పంపర పనస ఒకటి కాబట్టి ఇది అతుకుల పని కాదు. టెకీలా అనే పేరున్న ఊళ్లోనే లా కపీయా అనే చిన్న బారులో దోన్ హవియెర్ దెల్గాదో అనే ఆయన బతంగా అనే పానీయం కలిపేవాడు. టెకీలా, నిమ్మ, కోలా, అంచుకి ఉప్పు. నిమ్మకాయ కోసిన కత్తితోనే గ్లాసు కలిపేవాడు, అదే దాని ప్రత్యేకత. ఇంకా సంగ్రీతా ఉంది. పుల్ల నారింజ రసం, మిరప, ఉప్పు కలిపిన ఎర్రటి రసం. చిన్న గ్లాసులో టెకీలా పక్కన పెడతారు, ఒక చప్పరింపు అది, ఒకటి ఇది. బీరుకి ఉప్పు, నిమ్మ, కారపు సాస్ కలిపితే మిచెలాదా. చూశారా, ఎటు తిరిగినా ఆ మూడే. నా మాట అడిగితే సంగ్రీతాని మద్యం లేకుండానే తాగవచ్చు, ముక్కలు కోసిన కీరా, మామిడి మీద ఉప్పూకారం చల్లుకుని. ఇంటికి బండి నడుపుకుంటూ వెళ్లాల్సినవాళ్లకి గోంగూర కూజా ఉండనే ఉంది.

పండగల్లో అయితే అతిథి, గృహస్థు పాత్రలే మారిపోతాయి. జనవరి 6న ఉంగరం ఆకారంలో చేసిన తియ్య రొట్టె కోస్తారు. లోపల వేలెడంత బాలయేసు బొమ్మ దాచి ఉంటుంది. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అక్కడున్న అందరికీ తమాలెస్ పెట్టాలి. ముక్క తినడానికి వచ్చినవాడు విందు బాకీ మోసుకుపోతాడు. బొమ్మని గుట్టుగా మింగేశారన్న వేళాకోళాలు ఏటా ఉండేవే. తమాలెస్ ఒక్కరు చేసే పని కాదు. మాసాని కొవ్వుతో, చిటికెడు ముద్ద నీళ్లలో తేలేదాకా గిలకొట్టాలి. మొక్కజొన్న పొత్తి ఆకుల్లోనో, వహాకా వైపైతే అరిటాకుల్లోనో పెట్టి, మధ్యలో కూర దూర్చి, మడిచి ఆవిరికి పెట్టాలి. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరి కబుర్లతో చేస్తారు.

డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు పొసాదాలు. బయట కొందరు కొవ్వొత్తులతో నిలబడి, మేరీ, యోసేపుల తరఫున, ఈ రాత్రికి చోటివ్వమని పాడతారు. లోపలివాళ్లు లేదు పొమ్మని పాటతోనే బదులిస్తారు. కాసేపు ఈ వాదన సాగాక తలుపు తెరుస్తారు, అందరూ లోపలికి. చేతికి వేడి వేడి పొంచే ఇస్తారు. అందులో ఏముంటాయో చెప్తాను, మన వంటింటి చీటీలా ఉంటుంది. చెరకు ముక్కలు, జామపళ్లు, చింతపండు, గోంగూర రేకులు, దాల్చినచెక్క, బెల్లం లాంటి పిలొన్సీయో. తెహొకోతే అనే చిన్న పసుపు పండు ఒకటి మనకి దొరకదు, లేకపోయినా లోటు రాదు. అన్నీ గంటసేపు మరిగించి పళ్లతో సహా మట్టి కప్పుల్లో పోస్తారు. కావలసిన పెద్దవాళ్లు తమ కప్పులో కాస్త రమ్ము పోసుకుంటారు. మన దగ్గర కూడా చెరకూ జామా దొరికే రోజులే కాబట్టి ఈ డిసెంబర్‌లో చేసి చూడండి.

పిలిచిన వేళకి టంచనుగా వెళ్లకండి, ఇంటివాళ్లు ఇంకా స్నానం చేస్తూ ఉంటారు. తిన్నాక వెంటనే లేవకండి, అది ఇంకా తప్పు. ప్రధాన భోజనం మధ్యాహ్నం రెండు, మూడింటికి మొదలైతే, తిన్న తర్వాత బల్ల దగ్గరే కాఫీతోనో, చివరి గుక్క మెస్కాల్‌తోనో సాగే కబుర్లు సాయంత్రం దాకా నడుస్తాయి. ఆ కూర్చోవడానికి సొబ్రెమేసా అనే పేరు కూడా ఉంది. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పొలం, వంటపని, పండగ, కలిసి తినడం, అన్నిటినీ కలిపే గుర్తించింది. గుమ్మం దగ్గర వీడ్కోలు ఇంకో అరగంట. చేతిలో మిగిలిన కూరల పొట్లం పెట్టకుండా పంపరు.

క్రిస్మస్ లాంటి పెద్ద విందైతే మర్నాడు అదే జనం మళ్లీ వస్తారు, మిగిలినవి వెచ్చబెట్టుకుని తినడానికి. ఆ మర్నాటి పొద్దుటి వంట చిలకీలెస్. మిగిలిన టోర్టియాల్ని త్రికోణాలుగా కోసి, గాలికి ఆరనిచ్చి, కరకరలాడేలా వేయించండి. మిగిలిన సల్సాని కొంచెం నీళ్లతో మరిగించి, ముక్కలు అందులో వేసి ఒక్కసారి తిప్పి దించెయ్యండి. పైన చిలికిన మీగడ, పొడిగా నలిపిన పనీర్, ఉల్లిచక్రాలు, కావాలంటే వేయించిన గుడ్డు. సల్సా తగిలాక అయిదు నిమిషాలు ఆలస్యమైతే ముక్కలు మెత్తబడి ముద్దైపోతాయి. ముందే చేసి పెట్టుకోవాలని ఇప్పటిదాకా చెప్పిన మాట దీనికి ఒక్కదానికి వర్తించదు. అందరూ వచ్చి పళ్లేల ముందు కూర్చున్నాకే మూకుడు పొయ్యి మీద పెట్టండి.